మలుపు దాటిపోయింది: లాబ్రడార్‌లో అక్క పడవ ప్రయాణం

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఇక్కడ రాజమండ్రిలో రాత్రి తొమ్మిదిన్నర. అవతల మాట్లాడే మనిషికి మధ్యాహ్నం ఒంటిగంట. ఈ ఎపిసోడ్ అతిథి మా అక్క. పేరు చెప్పొద్దంది, కాబట్టి మీక్కూడా అక్కే. పదకొండేళ్లుగా కెనడాలో నర్సు. రెండేళ్ల నుంచి ఎక్కడంటే... నువ్వే చెప్పక్కా, నేను పలికితే నవ్వుతావు.

అక్క: గూస్ బే. గూస్ అంటే బాతురా, దాన్నేం పలకలేవు? లాబ్రడార్‌లో ఉంది. కెనడా మ్యాపులో కుడివైపు చివర, సముద్రానికి ఆనుకుని ఉండే ముక్క. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికన్నా కొంచెం చిన్నవే. అంత నేలలో జనం ముప్ఫై వేలు కూడా లేరు.

తమ్ముడు: అంటే మా వీధి చివర సంతలో ఆదివారం కనిపించే జనం.

అక్క: అంతే అనుకో. మిగతాదంతా అడవి, బండలు, నీళ్లు. విమానం దిగేటప్పుడు చూస్తే నేల మీద నీళ్లున్నాయా, నీళ్ల మీద నేల తేలుతోందా అని అనుమానం వస్తుంది.

తమ్ముడు: సరే, విషయం ఏంటంటే, మొన్న జులైలో అక్క ఒక పాత యాత్ర దారి వెతుక్కుంటూ వెళ్లొచ్చింది. నూట ఇరవై ఏళ్ల కిందటి దారి.

అక్క: ఆగు ఆగు. జనం ఏదో అనుకుంటారు. మొత్తం దారి 576 మైళ్లు. నేను వెళ్లింది మొదటి నలభై మైళ్ల లోపే. అదీ మోటారు పడవలో, ఒక్క రోజు. రాత్రికి ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను.

తమ్ముడు: పాడ్‌కాస్టుకి ఆ మాట అవసరమా అక్కా!

అక్క: అవసరమే. ఎందుకంటే కథలో అసలు తప్పు జరిగింది ఆ మొదటి నలభై మైళ్లలోనే. అది కళ్లారా చూడాలనే వెళ్లాను.

తమ్ముడు: అయితే మొదలుపెట్టు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు?

అక్క: 1903. న్యూయార్క్‌లో లియోనిడాస్ హబ్బర్డ్ అని ఒక పత్రికాయన. ముప్ఫై ఒక్కేళ్లు. వేట, చేపలు పట్టడం, అడవుల్లో తిరగడం, ఇలాంటివి రాసే మాసపత్రికలో పని. ఆయనకి పేరొచ్చే పని ఏదైనా చెయ్యాలని కోరిక. లాబ్రడార్ లోపలి భాగం అప్పటికి పటాల మీద చుక్కల గీతలే. నార్త్‌వెస్ట్ రివర్ అనే చిన్న ఊరి నుంచి పడవలో బయల్దేరాలి, గ్రాండ్ లేక్ అనే పొడవాటి సరస్సు దాటాలి, నాస్కాపీ నది ఎదురెక్కి మిషికమావు అనే పెద్ద సరస్సు చేరాలి. అక్కణ్నుంచి జార్జ్ నది పట్టుకుని ఉత్తరంగా దిగితే ఉంగావా సముద్రపు పాయ. అదీ ప్లాను.

తమ్ముడు: ఒక నది ఎక్కి ఇంకో నది దిగడం.

అక్క: అవును. మధ్యలో కారిబూ మందలు వలస పోతుంటాయి. దుప్పి జాతే, కాకపోతే ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. ఆ మందల్ని, వాటిని వేటాడే స్థానికుల్ని చూసి రాయాలని ఆయన ఆశ. వెంట ఇద్దరు. డిలన్ వాలెస్ అని లాయరు స్నేహితుడు. రెండోవాడు జార్జ్ ఎల్సన్. తండ్రి స్కాట్లాండ్ వాడు, తల్లి క్రీ అనే ఆదివాసీ తెగ. లాబ్రడార్‌కి బాగా పడమరగా ఉండే జేమ్స్ బే వైపు మనిషి. పడవ, గెడ, వేట, వంట అన్నీ ఇతనే. నన్నడిగితే ఈ కథలో పెద్దమనిషి జార్జే.

తమ్ముడు: అతనికి దారి తెలుసా?

అక్క: ఎక్కడిది! అతనూ లాబ్రడార్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మన గోదారి సరంగుని తీసుకెళ్లి బ్రహ్మపుత్రలో వదిలినట్టు. పని వచ్చు, ఊరు తెలీదు. దారి తెలిసిన స్థానికుడు ఒక్కడూ పడవలో లేడు. 1903 జులై 15న ఒకే పడవలో ముగ్గురూ బయల్దేరారు. పద్దెనిమిది అడుగుల పడవ. సరస్సు చివర నది కలుస్తుందని ఊళ్లో చెప్పారు, చేతిలో ఉన్న పటమూ అలాగే ఉంది. చివరికంటా వెళ్లారు. అక్కడ నిజంగానే ఒక నది కలుస్తోంది. ఎక్కేశారు.

తమ్ముడు: అది నాస్కాపీ కాదు.

అక్క: కాదు. సూసన్ బ్రూక్ అని ఒక రాళ్ల వాగు. అసలు నది అయిదు మైళ్ల ముందే, పక్క నుంచి కలిసింది. దాని ముందు నుంచే వెళ్లారు, చూశారు కూడా. ఏదో లోపలికి చొచ్చుకున్న నీళ్లు అనుకున్నారు.

తమ్ముడు: నది కలిసే చోటు అంత పెద్దది కనపడకపోవడం ఏంటక్కా?

అక్క: నేనూ అదే అనుకున్నాను. అందుకే వెళ్లాను. ఊళ్లో ఒక పెద్దాయన, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో అక్కడే ఉచ్చులు పెట్టుకుని తిరిగినవాడు, తన పడవలో తీసుకెళ్తానన్నాడు. పొద్దున్నే బయల్దేరాం. ముందు లిటిల్ లేక్, తర్వాత ఇరుకుగా ఒక పాయ, అది దాటితే గ్రాండ్ లేక్ తెరుచుకుంటుంది. రెండు పక్కలా కొండలు. పాపికొండల దగ్గర గోదారి ఇరుకైన చోటు గుర్తుందా? అక్కడ లాంచీ ఇంజను ఆపితే ఉండే నిశ్శబ్దం లాంటిది. కాకపోతే ఇక్కడ నీళ్లు నల్లగా ఉంటాయి, చెయ్యి పెడితే ఎముక జివ్వుమంటుంది. జులైలో కూడా.

తమ్ముడు: దోమలు?

అక్క: దోమలు మన చుట్టాలురా, వాటి సంగతి మనకి తెలుసు. అక్కడ నల్ల ఈగలని వేరే ఉంటాయి. ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. కుట్టవు, కొరుకుతాయి. చెవి వెనక, జుట్టు మొదట్లో, చొక్కా కాలరు లోపల. కొరికినప్పుడు తెలియదు, చెయ్యి పెడితే రక్తం అంటుతుంది. మా పెద్దాయన ఒక వల టోపీ ఇచ్చాడు. నేను సెల్ఫీ బాగా రాదని తీసేశాను. పది నిమిషాల్లో బుద్ధొచ్చింది.

తమ్ముడు: (నవ్వు) ఆ ఫొటో ఉంది, ఎడమ కన్ను లేదు.

అక్క: ఉంది, వాచింది. సరే విను. సరస్సు దాదాపు చివరికి వచ్చాక ఆయన ఇంజను తగ్గించి, "ఇప్పుడు నువ్వే చూపించు, నాస్కాపీ ఎక్కడుందో" అన్నాడు. నా ఫోన్లో మ్యాపు ఉంది కానీ చూడొద్దన్నాడు. నేను కొసకి వేలు చూపించాను. కొండలు రెండూ దగ్గరై మధ్యలో లోయ కనిపిస్తోంది, ఎవరైనా అదే అనుకుంటారు. ఆయన మాట్లాడకుండా పడవని వెనక్కి తిప్పాడు. కాసేపటి కిందట మేం దాటొచ్చిన గట్టు ఒకటుంది. దాని ముందు చిన్న లంక, లంక మీద చెట్లు, వెనక గట్టు మీద కూడా అవే చెట్లు. రెండూ ఒకే గోడలా కలిసిపోయి కనిపిస్తున్నాయి. లంక పక్కకి తిరిగాక తలుపు తీసినట్టు నది తెరుచుకుంది.

తమ్ముడు: మన లంకల మధ్య కూడా అంతే కదా. కొత్తవాడికి ఏది పాయో, ఏది నదో తెలియదు.

అక్క: అంతే. పుస్తకాల్లో హబ్బర్డ్‌ని తెలివితక్కువవాడని తిట్టినవాళ్లున్నారు. నేనూ మనసులో తిట్టుకున్నదాన్నే. ఆ లంక చూశాక తిట్టడం మానేశాను. కానీ ఇంకో తప్పు ఉంది, దాన్ని మాత్రం ఒప్పుకోను. ఆ రాళ్ల వాగులో రోజుకి మైలో, రెండు మైళ్లో పోతున్నప్పుడు, పడవ తేలడం మానేసి భుజాల మీదకి ఎక్కినప్పుడు, ఇది నది కాదేమో అని ఆగలేదు చూడు... అదీ.

తమ్ముడు: పడవ మోసుకుంటూ వెళ్లారా?

అక్క: పడవ, మూటలు, తుపాకులు, డేరా అన్నీ. ఒక మోత మోసి, మళ్లీ వెనక్కొచ్చి, ఇంకో మోత. ఒక మైలు దారి అంటే నడిచేది మూడు మైళ్లు, అయిదు మైళ్లు. ఆగస్టులో ఒక కారిబూ దొరికింది, కాస్త తిన్నారు. సెప్టెంబరులో ఒక కొండెక్కితే దూరంగా మిషికమావు కనిపించింది. కనిపించడమే. వీళ్లున్న సరస్సులో గాలి రోజుల తరబడి ఆగకుండా కొట్టి కదలనివ్వలేదు. దానికి వాళ్లు పెట్టిన పేరే "గాలికి చిక్కిన సరస్సు" అని అర్థం వచ్చేది. సెప్టెంబరు నడుమ వెనక్కి తిరిగారు. తిండి అయిపోయింది. చలి మొదలైంది.

[వెనక కుక్కరు విజిల్]

అమ్మ: ఒరేయ్, అక్క తిందో లేదో అడుగు.

తమ్ముడు: అమ్మా, రికార్డింగ్! ...తిన్నావా?

అక్క: తిన్నానని చెప్పు. వీళ్లు మాత్రం తినలేదు. తిరుగు ప్రయాణంలో వాళ్లు తిన్నవి చెప్తే అమ్మ ఏడుస్తుంది. వెళ్లేటప్పుడు పారేసిన కారిబూ ఎముకలు ఏరి మళ్లీ ఉడకబెట్టుకున్నారు. కారిబూ తోలు ఉడకబెట్టుకున్నారు. తోలు చెప్పులు కూడా. రాత్రిళ్లు మంట చుట్టూ కూర్చుని న్యూయార్క్ వెళ్లాక ఏ హోటల్లో ఏం తినాలో మాట్లాడుకునేవాళ్లట. నేను నర్సుని కదా, ఆకలి బాగా ముదిరితే మనిషి ఎలా ఉంటాడో చూశాను. అప్పుడు తిండి తప్ప వేరే మాట ఉండదు.

తమ్ముడు: ఇక్కడే కదా జార్జ్ కల?

అక్క: ఆఁ, అదే చెప్పబోతున్నా. తిరుగు దారిలో బీవర్ అనే నది మీద ఉన్నారు. అది పెద్ద నది. వెళ్లేటప్పుడు సూసన్ వాగు వదిలి, మోసుకుంటూ వచ్చి దీన్ని పట్టుకున్నారు. ఇప్పుడు జార్జ్‌కి ఒక రాత్రి కలొచ్చింది. కలలో ఏసుప్రభువు కనిపించి, ఈ నది వదలకండి, దీని వెంటే పోండి, గ్రాండ్ లేక్ చేరతారు, అక్కడ తిండి దొరుకుతుంది అన్నాడట. పొద్దున్నే హబ్బర్డ్‌కి చెప్పాడు.

తమ్ముడు: హబ్బర్డ్ నమ్మలేదు.

అక్క: ఎగతాళి చెయ్యలేదు పాపం. కానీ తెలియని నది కన్నా తెలిసిన దారే మేలు, వచ్చిన దారినే పోదాం అన్నాడు. పెద్ద నది వదిలేసి మళ్లీ ఆ రాళ్ల వాగు వైపు తిరిగారు. తమాషా ఏంటంటే, బీవర్ నది నిజంగా గ్రాండ్ లేక్‌లోకే వస్తుంది. నేను చూశాను. పెద్దాయన చూపించాడు, సూసన్ వాగు కలిసే చోటికి దగ్గర్లోనే. అక్కడే ఉచ్చుల వాళ్ల గుడిసెలుండేవి. తిండితో సహా.

తమ్ముడు: ...

అక్క: ఏంట్రా, లైను పోయిందా?

తమ్ముడు: లేదక్కా, ఉన్నా. వింటున్నా.

అక్క: జార్జ్‌ది కలే కావచ్చు. నా ఉద్దేశంలో అయితే అది పడవలవాడి బుర్ర. పగలంతా నీళ్ల తీరు, నేల వాలు చూస్తూ ఉంటాడు. రాత్రికి అది ప్రభువు నోట వచ్చింది. దొరకి నేరుగా "నువ్వు తప్పు" అనలేని మనిషి, కల అని చెప్పుకున్నాడో ఏమో. ఇది నా ఊహే. పెద్దాయన దగ్గర ఈ మాట అంటే ఒప్పుకోలేదు, కల కలే అన్నాడు.

తమ్ముడు: తర్వాత?

అక్క: తర్వాత హబ్బర్డ్ నడవలేకపోయాడు. అక్టోబరు 18న వాగు పక్కన డేరా వేసి, ఆయన్ని అందులో ఉంచి, కాస్త బఠాణీ పిండి, ఎముకలు, టీ ఆకు పక్కన పెట్టి, వాలెస్, జార్జ్ ముందుకి వెళ్లారు. వెళ్లేటప్పుడు దారిలో వదిలేసిన పిండి మూట ఒకటుంది. అది దొరికితే వాలెస్ కొంత తీసుకుని డేరాకి తిరిగి రావాలి, జార్జ్ సాయం కోసం సరస్సు వరకూ పోవాలి. పిండి దొరికింది. బూజు పట్టి గడ్డకట్టిన ముద్ద. వాలెస్ వెనక్కి తిరిగాడు. మంచు తుఫాను. డేరా కనపడలేదు. తర్వాత అడుగులు చూసినవాళ్లు చెప్పిందేంటంటే, డేరాకి రెండు వందల గజాల దూరం దాకా వచ్చి దాటిపోయాడట.

తమ్ముడు: మళ్లీ దాటిపోవడమే.

అక్క: మళ్లీ అదే. హబ్బర్డ్ ఆ రోజే డైరీ రాసుకున్నాడు. ఆకలి నొప్పి పోయిందని, నిద్ర వస్తోందని, ఆకలితో చావు అంత కష్టమేమీ కాదనిపిస్తోందని. అలాగని చావు కోసం ఎదురు చూస్తున్నానని ఎవరూ అనుకోవద్దని కూడా రాశాడు. అదే చివరి పేజీ.

తమ్ముడు: జార్జ్ బతికాడు.

అక్క: బతకడమే కాదు. పాదాలకి సరైన తొడుగు లేకుండా, నదులు దాటడానికి దుంగలు కట్టుకుంటూ, ఒక్కడే సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఇంటికి చేరాడు. అక్కడున్న ఉచ్చుల వాళ్లు వెంటనే బయల్దేరి వాలెస్‌ని మంచులో పట్టుకున్నారు. డేరాలో హబ్బర్డ్ దుప్పటి కప్పుకుని పోయి ఉన్నాడు. వెళ్లిన ఆ నలుగురిలో గిల్బర్ట్ బ్లేక్ అని కుర్రాడున్నాడు, పేరు గుర్తుపెట్టుకో. చలికాలం నడుమ జార్జ్ మళ్లీ ఆ వాగులోకి వెళ్లి శవాన్ని కుక్కల బండి మీద బయటికి తెచ్చాడు. న్యూయార్క్ దాకా తోడెళ్లాడు.

తమ్ముడు: సరే. ఇప్పుడు నీ హీరోయిన్.

అక్క: హీరోయిన్ అనకు, ఆవిడకి కోపం వస్తుంది. మీనా హబ్బర్డ్. హబ్బర్డ్ భార్య. కెనడా అమ్మాయి, నర్సు. న్యూయార్క్ ఆస్పత్రిలో టైఫాయిడ్‌తో పడుంటే ఈవిడే చూసుకుంది, అలా పెళ్లయింది. 1901లో పెళ్లి, రెండేళ్లకే ఇది.

తమ్ముడు: మీనా అంటే నాకు మన మీనాక్షే గుర్తొస్తుంది.

అక్క: నాకూ. మొదట్లో పేరు చూసే చదవడం మొదలుపెట్టాను. వాలెస్ ఈ ప్రయాణం మీద పుస్తకం రాశాడు, అది బాగా అమ్ముడుపోయింది. అందులో తన భర్తని బలహీనుడిగా, బెంగపెట్టుకున్నవాడిగా చూపించాడని మీనాకి మండింది. వాలెస్ 1905లో హబ్బర్డ్ యాత్రని తను పూర్తి చేస్తానని ప్రకటించాడు. ఈవిడ చడీచప్పుడు లేకుండా తన ఏర్పాట్లు తను చేసుకుంది. 1905 జూన్ 27న నార్త్‌వెస్ట్ రివర్ నుంచి ఇద్దరూ ఒకేరోజు బయల్దేరారు. వేరు వేరుగా. మాటల్లేవు.

తమ్ముడు: ఒకే ఊళ్లో రెండు పెళ్లిళ్లు ఒకే ముహూర్తానికి పెట్టుకున్నట్టు.

అక్క: అదే. పేపర్లు రేసు అని రాశాయి. ఇప్పుడు చూడు, మీనా ఎవర్ని తీసుకెళ్లిందో. జార్జ్ ఎల్సన్. అతని వైపు వాళ్లే ఇంకో ఇద్దరు, జాబ్ చాపీస్, జోసెఫ్ ఇసర్‌హాఫ్. ఇంకా, ఇందాక చెప్పానే, గిల్బర్ట్ బ్లేక్. ఆ నదిలో ఉచ్చులు పెట్టే కుర్రాడు. రెండు పడవలు. నాలుగు బస్తాల పిండి. ఆవిడ దగ్గర సెక్స్టెంట్ ఉంది, కోణాలు కొలిచి తామెక్కడున్నామో లెక్కగట్టే పరికరం. రెండు కెమెరాలు, ఒక రివాల్వరు. పడుకోవడానికి గాలి పరుపు, వేడినీళ్ల సంచి కూడా. పుస్తకాలు రాసే మగవాళ్లు దీన్ని చూసి నవ్వారు. నేను నవ్వను. నైట్ డ్యూటీ చేసినవాళ్లెవరూ నవ్వరు.

తమ్ముడు: ఈసారి మలుపు తప్పలేదు.

అక్క: ఎందుకు తప్పుతుంది, గిల్బర్ట్‌కి అది ఇంటి గుమ్మం లాంటిది. నేను చెప్పాలనుకున్న విషయం అదేరా. లోకం దీన్ని సాహసం, ధైర్యం అంటుంది. ధైర్యం హబ్బర్డ్‌కి తక్కువా? తేడా అల్లా, తెలిసినవాడు పడవలో ఉన్నాడా లేడా, ఉంటే వాడి మాట విన్నారా లేదా. అంతే.

తమ్ముడు: వాలెస్?

అక్క: వాలెస్ స్థానికుల పాత కాలిదారి ఒకటుందని విని, నది వదిలి అది పట్టుకున్నాడు. ఆ దారి మధ్యలో చెరిగిపోయింది. వెతుక్కోవడంలో వారాలు పోయాయి. మీనా వాళ్లు నది వదల్లేదు. గెడ వెయ్యగలిగిన చోట గెడ, లేనిచోట తాడు కట్టి లాగుడు, అదీ కాకపోతే మోత. జార్జ్ కలలో విన్నట్టే, నది వెంటే పోయారు.

తమ్ముడు: ఆవిడ తప్పిపోయిన సంగతి చెప్పు.

అక్క: తప్పిపోలేదు, తప్పించుకుంది. నలుగురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. కంటిరెప్పలా చూసుకునేవాళ్లు, కొండ కూడా ఒంటరిగా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఒకరోజు వాళ్లు మోతలో ఉండగా ఈవిడ మెల్లగా జారుకుని కొండెక్కేసింది. పైనుంచి చూసి సంబరపడుతోంది. కింద వాళ్లు నది ఒడ్డున అడుగులు చూసి, సుడిలో పడిపోయిందనుకున్నారు. తుపాకులు పేల్చారు, ఈవిడా రివాల్వరు పేల్చింది. వాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి చెమటలు, వణుకు. నవ్వుతూ ఎదురొచ్చిన ఆవిడ వాళ్ల మొహాలు చూసి నవ్వు ఆపేసింది. జార్జ్ ఏమన్నాడంటే, నిన్ను పోగొట్టుకుని మాలో ఎవరమూ ఇళ్లకి తిరిగి వెళ్లలేం అని.

తమ్ముడు: ఒకసారి ఆ ఇంటి మనిషిని పోగొట్టుకుని వచ్చినవాడు కదా.

అక్క: అదే కదా మరి. రెండోసారి కూడా ఒట్టి చేతులతో వెళ్తే ఎవరు నమ్ముతారు? అందులోనూ తెల్లదొరసాని, తెల్లవాళ్లు కాని నలుగురు మగవాళ్లు, సాక్షులు లేరు. ఆవిడ అప్పటిదాకా అది ఆలోచించలేదు. ఆ తర్వాత చెప్పకుండా ఎక్కడికీ వెళ్లనని మాటిచ్చింది.

తమ్ముడు: మిషికమావు చేరారు, దాటారు. కారిబూలు?

అక్క: ఆగస్టులో చూశారు. కొండలు నడుస్తున్నట్టుగా మందలు. ఆవిడ ఫొటోలు తీసింది. తర్వాత జార్జ్ నది దిగుతుంటే స్థానికుల గుడారాలు. వాళ్లని అప్పట్లో మాంటగ్నే, నాస్కాపీ అనేవారు, ఇప్పుడు ఇన్ను అంటున్నాం. మొదటి మకాంలో మగవాళ్లెవరూ లేరు, సరుకుల కోసం తీరానికి పోయారు. ఆడవాళ్లు గట్టు మీద నుంచి, వెళ్లిపోండి, మీరంటే మాకు భయం, మా మగవాళ్లు ఊళ్లో లేరు అని అరిచారు. మాటలు కలిశాక ఉంగావా ఎంత దూరం అని అడిగితే రెండు నెలలు అన్నారు.

తమ్ముడు: అయ్యో!

అక్క: ఆగస్టు నెల నడుమ రెండు నెలలంటే మంచులో చావడమే. ఓడ కూడా వెళ్లిపోతుంది. కొన్ని రోజులకే ఇంకో మకాం తగిలింది. అక్కడి వాళ్లు, దగ్గరకొచ్చేశారు, అయిదు నిద్రలే అన్నారు. దూరాన్ని నిద్రల్లో కొలవడం నాకు భలే నచ్చింది. ఆగస్టు చివరి వారంలో చేరిపోయారు. మొత్తం 576 మైళ్లు, నిజంగా ప్రయాణం చేసిన రోజులు 43.

తమ్ముడు: అక్కడ ఓడ గురించి ఒక జోకు ఉందన్నావు.

అక్క: జోకు కాదురా, నిజంగానే జరిగింది. అక్కడ హడ్సన్స్ బే అనే వ్యాపార కంపెనీ కొట్టు ఉంది. పెలికన్ అనే ఆ కంపెనీ ఓడ ఏడాదికి ఒక్కసారి వస్తుంది. అది దాటిపోతే చలికాలం అంతా అక్కడే. ఈ టెన్షన్‌తోనే ఆవిడ నెలల తరబడి లెక్కలేసుకుంది. ఒడ్డున దిగగానే ఆ కొట్టు మేనేజరుని అడిగిన మొదటి మాట, ఓడ వచ్చిందా అని. వచ్చింది అన్నాడాయన. వెళ్లిపోయిందా? వెళ్లిపోయింది. ఈవిడ గుండె జారిపోయింది. అంతలో ఆయన, మీరనేది ఏ ఓడ అన్నాడు. పెలికన్ అంది. ఆఁ, అది పోయిన సెప్టెంబరులో వచ్చిందండీ, ఈసారి కూడా సెప్టెంబరులోనే రావాలి అన్నాడు.

తమ్ముడు: (నవ్వు) మన ఊరి బస్టాండులో కండక్టరు లాగా!

అక్క: వాలెస్ అక్టోబరు 16న చేరాడు. తోడొచ్చిన నలుగురిలో ముగ్గుర్ని మధ్యలోనే వెనక్కి పంపి, ఒక్కడితో. మీనా ఓడ ఎక్కి వెళ్లిపోయింది. ఆవిడ గీసిన పటాన్ని అమెరికన్ జియోగ్రాఫికల్ సొసైటీ వాళ్లు అచ్చేశారు. నాస్కాపీ, నార్త్‌వెస్ట్ అని పటాల్లో రెండు నదులుగా ఉన్నవి ఒకటేనని తేల్చింది.

తమ్ముడు: ఇప్పుడు ఎవరైనా ఆ దారంతా మళ్లీ వెళ్లగలరా?

అక్క: ప్రయత్నించినవాళ్లున్నారు. కానీ ఒక చిక్కుంది. మిషికమావు లేదు.

తమ్ముడు: లేదంటే?

అక్క: ఉంది, నీళ్ల కింద. చర్చిల్ ఫాల్స్ విద్యుత్ కేంద్రం కోసం ఎనభై ఎనిమిది కట్టలు కట్టి స్మాల్‌వుడ్ రిజర్వాయరు నింపారు. డెబ్బైల్లో. ఆరున్నర వేల చదరపు కిలోమీటర్ల నీళ్లు. ఆ సరస్సు అందులో కలిసిపోయింది. దాని పేరుకి ఇన్ను భాషలో పెద్ద సరస్సు అని అర్థం. ఇన్ను వాళ్లని ఒక్క మాట అడగలేదు. వాళ్ల పడవలు, ఉచ్చులు, సమాధులు మునిగిపోయాయి. ఇప్పుడు పోలవరం ముంపు మండలాల్లో మనవాళ్లు చెప్పే మాటలు విన్నావుగా, దేవీపట్నం వైపు. అవే మాటలు నాకు షెషాషీలో ఒక ఇన్ను పెద్దావిడ చెప్పింది. షెషాషీ అంటే నార్త్‌వెస్ట్ రివర్‌కి అవతలి ఒడ్డున వాళ్ల ఊరు. మధ్యలో వంతెన.

తమ్ముడు: నాస్కాపీ నది?

అక్క: దాని పైనీళ్లు కూడా టర్బైన్ల వైపు మళ్లించేశారు. నేను లంక పక్కన చూసింది మీనా ఎక్కిన నది కాదు, అందులో మిగిలింది. మా పెద్దాయన తెడ్డు దించి చూపించాడు, ఇక్కడ మా నాన్న రోజుల్లో అడుగు తగిలేది కాదు అని. తెడ్డు ఇసకలో దిగింది. తీసి, ఆ ఇసక వేలితో తుడిచి, మళ్లీ నీళ్లలోకి విదిలించాడు. ఏమీ అనలేదు.

తమ్ముడు: కారిబూలైనా ఉన్నాయా?

అక్క: జార్జ్ నది మంద తొంభైల్లో ఏడెనిమిది లక్షలు. 2018 లెక్కలో 5,500. 2013 నుంచి లాబ్రడార్‌లో వేట నిషేధం. కారిబూ మాంసం ఆస్పత్రిలో ముసలివాళ్లు కలవరిస్తారురా. మత్తు దిగేటప్పుడు.

తమ్ముడు: అంటే ఆ దారిలో మారకుండా మిగిలింది...

అక్క: రాళ్ల వాగు. సూసన్ అలాగే ఉంది, దాన్నెవరూ వాడుకోలేదు, దేనికీ పనికిరాదు కనుక. పైన ఎక్కడో హబ్బర్డ్ పోయిన చోట ఒక బండ ఉంది. 1913లో వాలెస్ కంచు ఫలకం పట్టుకుని మళ్లీ వచ్చాడు, అక్కడ పెడదామని. దారిలో పడవ బోల్తా కొట్టి ఫలకం నీళ్లలో పోయింది. చివరికి ఆ బండ మీదే చేత్తో అక్షరాలు చెక్కాడు. నేను అక్కడిదాకా వెళ్లలేదు. మా పెద్దాయన, వాగు నోట్లో పడవ ఆపి, లోపలికి చూడు చాలు అన్నాడు. చూశాను. మోకాలి లోతు నీళ్లు, గుండ్రాళ్లు, అడ్డం పడ్డ చెట్లు. అమ్మ పంపిన సున్నుండలు సంచిలో ఉంటే తీసి చెరొకటి తిన్నాం. ఇదేంటని అడిగాడు. మినప్పిండి, బెల్లం, నెయ్యి అన్నాను. ఇంకోటి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

అమ్మ: ఆ జార్జి ఏమయ్యాడే? ఆ అబ్బాయి.

తమ్ముడు: అమ్మా, నువ్వు ఎప్పట్నించి వింటున్నావు?

అమ్మ: చెప్పులు ఉడకబెట్టుకున్న దగ్గర్నించి.

అక్క: తన ఊరి వైపు వెళ్లిపోయాడమ్మా, జేమ్స్ బే. పెళ్లి చేసుకున్నాడు.

అమ్మ: పోన్లే. నువ్వు తిన్నావా?